సహజీవనంలో సొంతిల్లు: అప్పు ఇద్దరిది, హక్కు ఎవరిది?

వివాహం చేసుకోకుండా ఒకే ఇంట కలిసి జీవించడం భారతదేశంలో నేరం కాదు. 2010లో నటి ఖుష్బూ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతిని స్పష్టం చేసింది. అయితే నేరం కాకపోవడం వేరు, భార్యాభర్తలకు ఉండే హక్కులన్నీ లభించడం వేరు. ఈ రెండింటి మధ్య ఎంత దూరం ఉందో ఇల్లు కొన్నప్పుడు తెలిసివస్తుంది. ఏళ్ల తరబడి వాయిదాలు ఇద్దరూ కట్టినా, బంధం తెగినప్పుడో, ఒకరు మరణించినప్పుడో రెండోవారికి ఏమి మిగులుతుందన్నది దస్తావేజులపైనే ఆధారపడుతుంది.

బ్యాంకు దృష్టిలో

పెళ్లికానివారు కలిసి ఇల్లు కొనరాదని గానీ, ఉమ్మడిగా రుణం తీసుకోరాదని గానీ ఏ చట్టమూ చెప్పదు. రుణం మంజూరు చేయడం బ్యాంకు విధానానికి సంబంధించిన విషయం. సహ దరఖాస్తుదారులుగా జీవిత భాగస్వామి, తల్లిదండ్రులు, సంతానం వంటి దగ్గరి బంధువులకే ప్రాధాన్యం ఇవ్వడం పరిపాటి. దాంతో ఒకరి పేరిట రుణం తీసుకోవడం, మరొకరు నెలనెలా తమ వంతు సొమ్ము వారికి పంపడం జరుగుతుంటుంది. చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

సహ రుణగ్రహీత, సహ యజమాని ఒకటి కాదు. రుణ ఒప్పందంపై సంతకం చేసినవారు బాకీకి బాధ్యులు; విక్రయ దస్తావేజులో పేరున్నవారు ఇంటికి యజమానులు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 43వ సెక్షన్ ప్రకారం, ఉమ్మడి రుణగ్రహీతల్లో ఎవరి నుంచైనా బ్యాంకు మొత్తం బాకీని రాబట్టుకోవచ్చు. తమ వాటాకు మించి చెల్లించినవారు ఆ అదనపు సొమ్మును రెండోవారి నుంచి కోరవచ్చు. విడిపోయామని చెప్పినంత మాత్రాన ఈ బాధ్యత తీరదు. ఖాతా మొండి బాకీగా మారితే, 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల గడువుతో నోటీసు ఇచ్చి, ఆపై తనఖా ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకోవచ్చు.

వాటా తేలేదెలా?

ఇద్దరి పేరిట కొన్న ఇంటిలో ఎవరి వాటా ఎంతో దస్తావేజులో రాసుకోవడం ఉత్తమం. అలా రాయకపోతే, ఎవరు ఎంత సొమ్ము పెట్టారో ఆ నిష్పత్తిలో హక్కు ఉంటుందని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 45వ సెక్షన్ చెబుతోంది. అందుకు ఆధారాలు లేకపోతే ఇద్దరికీ సమాన హక్కు ఉన్నట్లు భావిస్తారు.

ఒకరి సొమ్ముతో మరొకరి పేరిట ఇల్లు కొనడం ఇంకా ప్రమాదకరం. తెలిసిన ఆదాయంతో జీవిత భాగస్వామి లేదా సంతానం పేరిట కొంటే బినామీ చట్టం మినహాయింపు ఇస్తుంది. సహజీవన భాగస్వామి ఆ జాబితాలో లేరు. లావాదేవీ బినామీగా తేలితే, సొమ్ము తనదేనని కోర్టుకెళ్లి ఆస్తిని కోరే అవకాశం ఉండదు. పైగా ఆస్తి జప్తయ్యే ముప్పుంది.

పన్నులోనూ తేడా ఉంది. భార్యాభర్తలు ఒకరికొకరు ఇచ్చుకునే కానుకలు పుచ్చుకున్నవారి ఆదాయంగా పరిగణనలోకి రావు. బంధువు కాని వ్యక్తుల నుంచి ఏడాదిలో అందిన నగదు కానుకలు 50,000 రూపాయలు దాటితే ఆ మొత్తం పన్ను పరిధిలోకి వస్తుంది.

నివాస హక్కు

2005 నాటి గృహహింస నిరోధక చట్టం మహిళలకు కొంత అండగా నిలుస్తుంది. ‘వివాహ స్వభావం గల సంబంధం’లో ఉన్న మహిళకు, ఇంటిపై యాజమాన్య హక్కు లేకున్నా ఉమ్మడి నివాసంలో ఉండే హక్కును 17వ సెక్షన్ కల్పిస్తోంది. అది నివాస హక్కు మాత్రమే, యాజమాన్యం కాదు.

ప్రతి సహజీవనమూ ఈ నిర్వచనంలోకి రాదు. ఇద్దరూ వివాహ వయస్సు నిండి, చట్టరీత్యా పెళ్లికి అర్హులై, సమాజంలో దంపతుల వలె మెలగుతూ, గణనీయమైన కాలం స్వచ్ఛందంగా కలిసి జీవించి ఉండాలని 2010లో వేలుస్వామి కేసులో సుప్రీంకోర్టు పేర్కొంది. పురుషుడికి అప్పటికే భార్య ఉందని తెలిసీ కలిసి జీవించిన మహిళకు 2013లో ఇంద్రా శర్మ కేసులో ఊరట లభించలేదు.

ఒకరు మరణిస్తే

1956 నాటి హిందూ వారసత్వ చట్టంలోని వారసుల జాబితాలో సహజీవన భాగస్వామికి చోటు లేదు. వీలునామా లేకుండా మరణిస్తే వారి వాటా సంతానానికి, తల్లికి లేదా ఇతర బంధువులకు చేరుతుంది. ఉమ్మడి రుణం తీసుకుని ఉంటే, మిగిలిన వ్యక్తిని బ్యాంకు మొత్తం బాకీ అడగవచ్చు. ఇంటిలో సగం మాత్రం ఇతరుల పాలు కావచ్చు. నామినీగా పేరు నమోదు చేసినంత మాత్రాన సాధారణంగా యాజమాన్యం సంక్రమించదు.

సుదీర్ఘకాలం దంపతుల వలె జీవించినవారిని భార్యాభర్తలుగా భావించవచ్చని 1978, 2015 తీర్పుల్లో సుప్రీంకోర్టు పేర్కొన్నా, అది సాక్ష్యాలతో ఖండించదగిన భావనే. దానిపై ఆధారపడటం కంటే వీలునామా రాసుకోవడం మేలు. అందుకు ఇద్దరు సాక్షుల సంతకాలు అవసరం. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు.

ఉత్తరాఖండ్‌లో 2025 జనవరి 27న అమల్లోకి వచ్చిన ఉమ్మడి పౌరస్మృతి సహజీవనం నమోదును తప్పనిసరి చేసింది. భాగస్వామి విడిచిపెట్టిన మహిళ భరణం కోరేందుకు వీలు కల్పించింది. అయితే భరణం వేరు, ఇంటిలో వాటా వేరు.

విక్రయ దస్తావేజులో ఇద్దరి పేర్లు, వాటాల వివరాలు, బ్యాంకు ఖాతాల ద్వారానే చెల్లింపులు, రుణానికి సరిపడా బీమా, చెరొక వీలునామా. పెళ్లి ద్వారా దంపతులకు చట్టం కల్పించే రక్షణలో కొంతైనా సహజీవనంలో ఉన్నవారు ఇలా కాగితాలతో సమకూర్చుకోవలసిందే. అదీ ఇల్లు కొనే నాడే.