గౌరవ వేతనం: అంగన్‌వాడీ అక్కల 42 రోజులు

ముత్తుకూరు మండలంలో కృష్ణపట్నం ఓడరేవు ఉంది, నేలటూరులో థర్మల్ కేంద్రం ఉంది. అయినా మన యానాది కాలనీల్లో పిల్లలు ముందుగా ఎరిగే సర్కారు మనిషి అంగన్‌వాడీ టీచరమ్మే. గుడ్డు, పాలు, బరువు తూచడం, బాలింతల లెక్క అన్నీ ఆమె చేతి మీదే. మా హాస్టళ్లలో చేరే పిల్లల్లో చాలామంది మొదట పలక పట్టింది ఆమె దగ్గరే. ఒకప్పుడు నేరస్త జాతుల చట్టం కింద మనవాళ్లలో కొందరి పేర్లు సర్కారు రిజిస్టరులోకి ఎక్కింది పోలీసు హాజరు కోసం. ఆ చట్టం 1952లో పోయింది. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలయ్యాక మన బిడ్డల పేర్లు ఎక్కే రిజిస్టరు మారింది. దాన్ని రాసే ఆమె జీతం సంగతి మన పిల్లలు తెలుసుకోవాలి.

నిజానికి దాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. మాట మెత్తగానే ఉంటుంది, తేడా మాత్రం పెద్దది. జీతం ఉన్నవాళ్లకు పీఆర్సీ, డీఏ, ఇంటి అద్దె భత్యం ఉంటాయి. అవీ ఊరికే రాలేదు. 1986లో ఎన్జీవోలు 53 రోజులు సమ్మె చేశారు. 2022లో 27 శాతం మధ్యంతర భృతి అందుకుంటున్నవాళ్లకు 23 శాతమే ఫిట్‌మెంట్ ప్రకటిస్తే, ఫిబ్రవరి 3న ఉద్యోగులు, టీచర్లు ఛలో విజయవాడ అంటూ రోడ్డెక్కారు. ఆ తర్వాతే అద్దె భత్యం కొంత సవరించారు. అంటే మాలాంటివాళ్లకు తగువు పడటానికైనా ఒక స్కేలు ఉంది. అంగన్‌వాడీ అక్కలకు ఆ స్కేలే లేదు.

2023లో ఆంధ్రప్రదేశ్‌లో వర్కరుకు నెలకు 11,500 రూపాయలు, ఆయాకు 7,000. తెలంగాణ కంటే వెయ్యి ఎక్కువ ఇస్తామన్న హామీ ఉండేది. అప్పట్లో అక్కడ 13,650 ఇచ్చేవారు. లెక్క మీరే వేసుకోండి. పైగా వీళ్లకు గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లోనే గుజరాత్ కేసులో తీర్పు చెప్పింది. అప్పటికి అదీ అమలు కాలేదు. డిసెంబరు 12న మూడు సంఘాలూ కలిసి సమ్మెకు దిగాయి. మూడు జెండాలవాళ్లు ఒకే శిబిరంలో కూర్చోవడం మామూలు సంగతి కాదు. లక్షమందికి పైగా ఆడవాళ్లు, ఇల్లూ పిల్లలూ ఉన్నవాళ్లు, రోడ్ల పక్కన టెంట్లలో కూర్చున్నారు. చాలాచోట్ల సచివాలయ సిబ్బందితో తాళాలు పగలగొట్టించి కేంద్రాలు తెరిపించారు.

కేంద్రాలు మూతపడితే మన బిడ్డలకు గుడ్డు అందదు కదా అని అడిగేవాళ్లున్నారు. అడగాల్సిన మాటే. నష్టపోయింది మన కాలనీలే. అయితే ఆ గుడ్డు ఉడికించే ఆయాకు వచ్చే 7,000 రూపాయలతో ఆమె ఇల్లు ఎలా గడుస్తుందన్నది కూడా మన ప్రశ్నే. ఆ పనిలో ఉన్నవాళ్లు మనలాంటి ఇళ్ల ఆడబిడ్డలే.

2024 జనవరి 6న ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. అది 1971 నాటి అత్యవసర సేవల చట్టం. ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. జీతం అడిగినప్పుడు వాళ్లు ఉద్యోగులు కారు, గౌరవ వేతనం తీసుకునే సేవకులు. పని ఆపినప్పుడు మాత్రం అత్యవసర సేవలో ఉన్నవాళ్లు! సమ్మెలో ఉన్నవాళ్లు ఎన్ని ఉపన్యాసాలిచ్చినా చెప్పలేని మాటను ఆ ఉత్తర్వే చెప్పింది.

ఎస్మాకు వాళ్లు బెదరలేదు. విజయవాడలో నిరాహార దీక్షకు కూర్చున్నారు. జనవరి 22న ఛలో విజయవాడ పిలుపిస్తే, తెల్లవారకముందే పోలీసులు దీక్షా శిబిరం ఖాళీ చేయించారు. దారుల్లో ఎందరినో అదుపులోకి తీసుకున్నారు. ఆ రాత్రే మంత్రి బొత్స సత్యనారాయణతో చర్చలు జరిగి సమ్మె ముగిసింది. 42 రోజులు.

వచ్చింది ఇది: రిటైరయ్యేటప్పుడు వర్కరుకు ఇచ్చే 50,000 రూపాయలు 1,20,000 అయింది. ఆయాకు 20,000 కాస్తా 60,000 అయింది. అసలు అడిగిన నెల వేతనం మాత్రం జులైలో పెంచుతామన్నారు. మేలో ఎన్నికలు జరిగాయి, జూన్‌లో ప్రభుత్వం మారింది.