పాడు వంతూ, పళవేర్కాటి కుర్రకారూ

పళవేర్కాడు అనగానే మనవాళ్లందరూ 1613 నాటి డచ్చివాళ్ల గెల్డ్రియా కోట గురించే రాస్తారు. రాయనీండి. మేము మాత్రం ఈసారి నీళ్ల మీది ఒక కట్టుబాటు గురించి చెప్పుకుందామనుకున్నాం. దాని పేరు 'పాడు'. మన తెలుగు చెవికి చెడ్డమాటలా తగులుతుంది గానీ, ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగించింది అదే.

కడలి నోటి దగ్గర, పోటూ పాటూ వచ్చిపోయే తావుల్లో రొయ్య బాగా పడుతుంది. అందరూ ఒక్కసారే వలలు కడితే కొట్లాటే. అందుకని పట్టినవర్ కుప్పాలవాళ్లు చీట్లు వేసి, ఏ తావు ఎప్పుడు ఎవరిదో పంచుకునేవారు. వయసొచ్చిన మగపిల్లవాడు కులసంఘంలో చేరితేనే వంతు. ఈసారి చెడ్డ తావు వచ్చినా మళ్లీ మంచిది రాకపోదన్న ధీమా ఉండేది.

లాజరస్, ఫోక్‌మన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1984లో తమ పుస్తకంలో కష్టాన్ని తట్టుకునే దారులు రెండని చెప్పారు. కష్టానికి కారణమైనదాన్ని చక్కబెట్టుకోవడం ఒకటి, మనసులో రేగిన కలతను సముదాయించుకోవడం ఇంకొకటి. మా లెక్కలో చీటీ ఈ రెండూ చేసేది. తగవు తీర్చేది. వల ఖాళీగా లేస్తే, తప్పంతా తనదేనని కుర్రవాడు కుమిలిపోకుండా కూడా కాసేది.

అయితే దీనికి ఇంకో పక్క ఉంది. ఈ సరస్సు మీదే పనిచేసిన సారా కౌల్తార్డ్ అనే పరిశోధకురాలు 2008లో అచ్చయిన వ్యాసంలో దాన్ని ఎత్తిచూపారు. పాడు హక్కున్నవాళ్లకు అది రాబడే కాదు, పరువు కూడా. చేప తగ్గినా వేరే పనికి మళ్లడం వాళ్లకే ఎక్కువ కష్టమవుతుంది. తాతనాటి ధీమాయే మనవడి కాలికి కట్టయిందన్నమాట.

మరి హక్కే లేనివాళ్లో? తెలుగు మాట్లాడే యానాదులు నీళ్లలో చేత్తో తడిమి రొయ్యలు పట్టేవారు. 1971లో తొలి రాకెట్టు ఎగిరిన శ్రీహరికోటలో, ఆ కేంద్రం కోసం చాలా యానాది కుటుంబాలు తమ తావు వదలాల్సి వచ్చింది. వాళ్ల పిల్లల పేరున ఏ చీటీ లేదు. పాడును పొగిడేవాళ్లు ఈ మాట దాటేయడం మాకు నచ్చదు.

ఇప్పుడు కడలి నోరు ఇసుకతో పూడుకుపోతోంది. నోరు మూసుకుంటే రొయ్య లోపలికి రాదు, మంచి తావుకూ చెడ్డ తావుకూ తేడా ఉండదు. కుర్రవాళ్లు చెన్నపట్నం బస్సెక్కుతున్నారు.

మీ ఇళ్లలో తొలి వంతు అందుకున్న పెద్దలు ఉంటే, ఆ రోజు ఎలా ఉండిందో అడిగి మాకు రాసి పంపండి. చీటీ దొరకని ఇళ్లవాళ్లు ముందు రాయండి.