వెండి బండికి నేలే ప్రాణం

1969 జులై 24న అపోలో 11 వ్యోమగాములు ముగ్గురూ పసిఫిక్ సముద్రంలో దిగారు. హార్నెట్ అనే విమాన వాహక నౌక మీదికి చేర్చగానే వాళ్లను నేరుగా ఒక అల్యూమినియం గదిలోకి పంపి తలుపు బిగించేశారు. చంద్రుడి మీది నుంచి తెలియని క్రిములేవైనా వెంట వచ్చాయేమోనని భయం. లోపల వాళ్లకు తోడుగా ఒక డాక్టరు, ఒక ఇంజినీరు ఉన్నారు. అధ్యక్షుడు నిక్సన్ అంత దూరం వచ్చి కూడా అద్దం అవతల నిలబడే మాట్లాడాల్సి వచ్చింది. ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్, కాలిన్స్ ఆ కిటికీలోంచి నవ్వుతున్న ఫొటో లోకమంతా చూసింది.

ఆ గదిని నాసా కొత్తగా కనిపెట్టలేదు. సెలవుల్లో కారు వెనక తగిలించుకుని ఊళ్లు తిరగడానికి అమెరికాలో తయారయ్యే ఎయిర్‌స్ట్రీమ్ ట్రైలర్‌నే తెచ్చి, చక్రాలు తీయించి, లోపలి గాలి బయటికి పొక్కకుండా పీడనం తక్కువగా ఉండే ఏర్పాటు చేయించింది. అలాంటివి నాలుగు చేయించింది. అపోలో 11కు వాడినది ఇప్పుడు వాషింగ్టన్ శివార్లలోని స్మిత్సోనియన్ వారి ఉడ్వార్-హేజీ కేంద్రంలో ఉంది. అపోలో 12కు వాడినది చేతులు మారీ మారీ చివరికి అలబామా రాష్ట్రంలో చేపపిల్లలను పెంచే చోట తేలింది. దాన్ని గుర్తుపట్టి హంట్స్‌విల్ అంతరిక్ష మ్యూజియానికి చేర్చారు.

మ్యూజియంలో చోటు దొరికినవాటికి దిగుల్లేదు. వాటి తోబుట్టువులు మాత్రం అమెరికా పల్లెల్లో పశువుల కొట్టాల పక్కన, గడ్డి ఏపుగా పెరిగిన దొడ్లలో ఏళ్ల తరబడి పడి ఉంటాయి. యాభై అరవై ఏళ్ల కిందటి అలాంటి బండిని కొని, ఇంటి ముందు షెడ్డులో పెట్టుకుని, ఉద్యోగం చేసుకుంటూనే సాయంత్రాలూ సెలవు రోజులూ దానికి ధారపోసి మళ్లీ రోడ్డెక్కించేవాళ్లు అక్కడ చాలామందే ఉన్నారు. పాత కారును బాగుచేయడం కన్నా ఇది భిన్నమైన పని. ఎందుకంటే పుట్టుక రీత్యా ఈ ట్రైలర్ సగం విమానం. ఆ సంగతి పట్టించుకోకుండా చేయి పెట్టినవాళ్లు బండిని బాగుచేయబోయి పాడుచేస్తారు.

దీని కథలో ఇద్దరు మనుషులున్నారు. ఇద్దరూ 1896లో పుట్టినవాళ్లే. మొదటివాడు ఆరెగాన్ రాష్ట్రంలోని బేకర్ సిటీలో పుట్టిన వాలీ బయమ్. చిన్నప్పుడు గొర్రెలు కాస్తూ, గాడిద లాగే రెండు చక్రాల బండిలో వంట, పడక కానిచ్చిన కుర్రాడు. పెద్దయ్యాక లాస్ ఏంజెలెస్‌లో పత్రికలు నడిపాడు. సొంతంగా ట్రైలర్ కట్టుకోవడం ఎలాగో చెప్పే వ్యాసం ఒకటి తన పత్రికలో వేస్తే, ఆ కొలతలతో బండి కుదరడం లేదని పాఠకులు ఉత్తరాలు రాశారు. సరే చూద్దామని తానే కట్టి చూశాడు. నిజంగానే కుదరలేదు. అప్పుడు నేలను చక్రాల మధ్యకు దించి, కప్పును పైకి లేపి, మనిషి లోపల నిటారుగా నిలబడేలా మార్చాడు. ఆ నమూనా కాగితాలను ఇళ్ల దగ్గరే బండి కట్టుకునేవాళ్లకు అమ్మడంతోనే అతని వ్యాపారం మొదలైంది. అప్పటికి వాడింది చెక్క, చెక్కపొట్టుతో చేసిన అట్టలే.

రెండోవాడు హాలీ బౌలస్. ఇంజను లేని గ్లైడర్ విమానాలు కట్టడంలో పేరున్నవాడు. 1927లో లిండ్‌బర్గ్ ఒంటరిగా అట్లాంటిక్ దాటిన ‘స్పిరిట్ ఆఫ్ సెయింట్ లూయిస్’ విమానాన్ని రయన్ కంపెనీలో కడుతున్నప్పుడు పనిని దగ్గరుండి చేయించింది ఇతనే. 1934లో బౌలస్ విమానం కట్టిన పద్ధతిలోనే ఒక ట్రైలర్ కట్టి రోడ్ చీఫ్ అని పేరు పెట్టాడు. డ్యురాలుమిన్ అనే అల్యూమినియం మిశ్రమలోహపు రేకులు, వరుసలుగా రివెట్లు, ముందు నుంచి వెనక్కి సన్నబడే ఒళ్లు. తలుపును మాత్రం ముందువైపు, కారుకు తగిలించే కొక్కెం మీద పెట్టాడు. అందంలో దాన్ని మించింది తర్వాత రాలేదని నా అభిప్రాయం. కానీ ఆర్థిక మాంద్యం రోజుల్లో అంత ఖరీదు పెట్టి కొనేవాళ్లు దొరకలేదు. కంపెనీ రెండేళ్లలోనే చతికిలబడింది. ఆ బండ్లను అమ్మిపెట్టిన బయమ్ ఆ నమూనాను అందిపుచ్చుకుని, తలుపును పక్కకు మార్చి, 1936 జనవరిలో ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పర్‌ను విడుదల చేశాడు. ధర 1,200 డాలర్లు. నలుగురికి పడక, నీళ్ల ట్యాంకు, కరెంటు దీపాలు, పొడి మంచుతో చల్లబరిచే ఏర్పాటు కూడా అందులో ఉన్నాయి.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక అల్యూమినియం అంతా విమానాలకే పోయింది. బయమ్ కార్ఖానా మూసేసి లాక్‌హీడ్, కర్టిస్-రైట్ విమాన కంపెనీల్లో పనికి కుదిరాడు. యుద్ధం ముగిశాక కథ తిరగబడింది. విమానాలకు గిరాకీ పడిపోవడంతో రేకు పని, రివెట్ల పని తెలిసిన చేతులు ఖాళీ అయ్యాయి. ఓక్లహోమాలోని టల్సాలో జె. పాల్ గెట్టీ నడిపిన స్పార్టన్ విమాన కంపెనీ ఏకంగా ట్రైలర్ల తయారీకి మళ్లింది. బయమ్ కాలిఫోర్నియాలో మళ్లీ పని మొదలుపెట్టి, 1952లో ఒహాయో రాష్ట్రంలోని జాక్సన్ సెంటర్‌లో రెండో కార్ఖానా పెట్టాడు. కంపెనీ నేటికీ ఆ ఊళ్లోనే ఉంది.

తన బండి ఎంత తేలికో చూపడానికి 1947లో అతను చేసిన పని అందరికీ నచ్చింది. ఆల్ఫ్రెడ్ లెటర్నే అనే ఫ్రెంచి సైకిల్ వీరుడి చేత, ఉత్త సైకిల్‌తో, ట్రైలర్‌ను లాగించి ఫొటో తీయించాడు. ఆ బొమ్మే కంపెనీ గుర్తు అయింది. ఇక ఎంత గట్టిదో చూపడానికి యాత్రలు పెట్టాడు. 1959లో 41 ట్రైలర్లు కేప్‌టౌన్‌లో బయలుదేరి, రోడ్డు అనదగ్గది లేని చోట్ల కూడా పడుతూ లేస్తూ ఆఫ్రికా పొడుగునా సాగి కైరో చేరాయి. దారిలో ఇథియోపియా చక్రవర్తి హైలీ సెలాసీ వాటిని చూశాడు. బయమ్ 1962లో కన్నుమూశాడు. మరుసటి ఏడాది సింగపూర్‌లో మొదలైన ప్రపంచ యాత్ర మన దేశం మీదుగా సాగి యూరప్ చేరింది.

ఇప్పుడు షెడ్డులోకి వద్దాం. మన ఆర్టీసీ బస్సుకు బలమంతా లోపలి ఇనుప చట్రంలో ఉంటుంది, పైరేకు ఎండకూ వానకూ అడ్డం. ఈ ట్రైలర్‌లో అలా కాదు. 0.8 మిల్లీమీటర్ల మందం ఉన్న రేకే బరువు మోస్తుంది. సన్నని అల్యూమినియం రిబ్బులకు లోపలి రేకు, బయటి రేకు రెండూ రివెట్లతో బిగిస్తే ఆ మొత్తం కలిసి ఒక గుల్లగా బిగువు తెచ్చుకుంటుంది. కింద ఉక్కు ఛాసిస్ ఉంటుంది కానీ, ట్రైలర్‌ను ఒంటరిగా మోసేంత దిట్టమైనది కాదు. ఛాసిస్‌కూ పైగుల్లకూ మధ్య ప్లైవుడ్ నేల అంచులు ఇరుక్కుని ఉంటాయి. బోల్టులు ఈ మూడింటినీ కలిపి పట్టుకుంటాయి. కాబట్టి నేల చివికిందంటే మూడింటి బంధమూ తెగినట్టే.

నేల చివకడానికి వాన చాలు. కప్పు మీది గాలిగవాక్షం దగ్గరో, కిటికీ అంచునో, వెనక దీపం చుట్టూనో సీలెంట్ ఎండి పగులుతుంది. చుక్క లోపలికి దిగి, రెండు రేకుల మధ్య రిబ్బు వెంట జారి, అడుగున ప్లైవుడ్ అంచులో ఇంకిపోతుంది. లోపల కూర్చున్నవాళ్లకు చెమ్మ కూడా కనపడదు. ఏళ్లు గడిచేసరికి అంచు పొడి అవుతుంది. తడిసిన ఉక్కు, అల్యూమినియం ఒకదాన్నొకటి తాకి ఉంటే వాటి మధ్య సన్నని విద్యుత్తు పుట్టి అల్యూమినియంను తినేస్తుంది. పొట్ట కింద కొట్టిన రేకులో నీళ్లు నిలిచి ఛాసిస్‌ను తుప్పు పట్టిస్తాయి. అందుకే అనుభవం ఉన్నవాళ్లు పాత బండి కొనేముందు మెరుపు వైపు చూడరు. తలుపు దగ్గర, మూలల్లో, వెనక గోడ కింద స్క్రూడ్రైవర్‌తో నేలను పొడిచి చూస్తారు. తర్వాత వెనక బంపర్ మీద ఎక్కి నిలబడతారు. బంపర్ కిందికి దిగి, పైగుల్ల ఉన్నచోటే ఉండిపోతే, వెనక భాగంలో రెండూ విడిపోయాయన్నమాట.

అంత దూరం వచ్చిన బండికి పైపై మరమ్మతు పనికిరాదు. బీరువాలూ మంచాలూ తీయాలి. లోపలి రేకు రివెట్లను ఒక్కొక్కటిగా డ్రిల్లుతో తొలిచి రేకులు విప్పాలి. వాటి వెనక ఎలుకల గూళ్లతో నిండిన పాత ఫైబర్‌గ్లాస్ దూది ఉంటుంది. ముక్కుకు మంచి మాస్కు లేకుండా అక్కడ చేయి పెట్టకూడదు. లోపలి రేకు పోయిన గుల్ల వదులవుతుంది కనుక దూలాలు అడ్డంగా బిగించి ఆకారం చెదరకుండా కాపాడాలి. అప్పుడు అంచు బోల్టులు కోసి, గుల్లను గొలుసు కప్పీలతో పైకెత్తి, కింది నుంచి ఛాసిస్‌ను బయటికి లాగుతారు. తుప్పు గీకి, విరిగినచోట వెల్డింగ్ చేసి, రంగు వేసి, కొత్త ప్లైవుడ్ అంచులకు ఎపాక్సీ పట్టించి మళ్లీ గుల్లను దించుతారు. విప్పిన ప్రతి రేకు మీదా ఎక్కడిదో రాసిపెట్టుకున్నవాళ్లకు బిగింపు తేలిక. రాసుకోనివాళ్లకు ఆ తర్వాతి పనంతా నరకం.

విమాన పద్ధతి ఎంత గొప్పదో తెలిసేది ఇక్కడే. రివెట్టును తొలిచి తీయవచ్చు, అదే రంధ్రంలో కొత్తది కొట్టవచ్చు. ఇంట్లో ఉన్న మామూలు మనుషులు నేర్చుకోగలిగిన పని ఇది. కాకపోతే ఇద్దరు కావాలి. బయట ఒకరు గాలి సుత్తి పట్టుకుంటారు. లోపల మరొకరు ఇనుప దిమ్మను రివెట్టు తోకకు ఆనించి నిలబడతారు. మధ్యలో రేకు అడ్డం కాబట్టి ఒకరికొకరు కనపడరు, ‘ఊఁ’ అన్న మాట వినపడ్డాకే మీట నొక్కాలి. క్షణంలో తోక నలిగి చదునైన బొత్తం అవుతుంది. ఆ బొత్తం వెడల్పు రివెట్టు లావుకు ఒకటిన్నర రెట్లు, ఎత్తు లావులో సగం ఉంటే పని కుదిరినట్టు. తక్కువ నలిగితే వదులు, ఎక్కువ నలిగితే రేకు చుట్టూ ఉబ్బుతుంది. సుత్తి పక్కకు జారిందా, నెలవంక లాంటి సొట్ట బయటిరేకు మీద శాశ్వతంగా ఉండిపోతుంది. ఆఫ్రికా యాత్రలో కుదుపులకు ఓర్చుకున్నది ఈ బొత్తాల వరుసే. బజారులో దొరికే బోలు పాప్ రివెట్లు కొట్టి సరిపెట్టుకునేవాళ్లను చూస్తే బాధేస్తుంది. వాటి నడిమి రంధ్రం నీటికి కొత్త దారి.

ఇక అందరూ ముందు అడిగే మెరుపు సంగతి. జర్మనీలో ఆల్ఫ్రెడ్ విల్మ్ 1906లో కనుగొన్న డ్యురాలుమిన్‌లో రాగి కలుస్తుంది. రాగి వల్ల గట్టిదనం వస్తుంది, కానీ తుప్పు భయం పెరుగుతుంది. 1920ల చివర్లో అల్కోవా కంపెనీలో ఎడ్గర్ డిక్స్ దీనికి విరుగుడు కనిపెట్టాడు. గట్టి మిశ్రమలోహానికి రెండు వైపులా స్వచ్ఛమైన అల్యూమినియం పొరను అంటించి రేకు తీశాడు. దాన్నే ఆల్‌క్లాడ్ అంటారు. 1950ల, 60ల ట్రైలర్ల ఒంటి మీద చాలావరకు ఉన్నది ఈ రేకే. అద్దంలా మెరిసేది పైన ఉన్న ఆ పలచని పొర, మొత్తం మందంలో నూటికి అయిదు వంతులు దాటదు. పాలిష్ మిషన్‌తో మెల్లగా, ముతక ముద్ద నుంచి సన్నని ముద్ద దాకా వరుసగా రుద్దితే బూడిదరంగు పోయి ముఖం కనపడుతుంది. తొందరపడి గరుకు కాగితం పట్టినవాళ్లు ఆ పొరను గీకేస్తారు. కింద ఉన్న మిశ్రమలోహం ఆ తర్వాత మచ్చలు పడకుండా ఉండదు. 1960ల మధ్య నుంచి కార్ఖానాలోనే పారదర్శక పూత వేసేవారు కాబట్టి అలాంటి బండికి ముందు ఆ పూతను రసాయనంతో ఊడదీయాలి. నన్నడిగితే అద్దం మెరుపు కోసం ఆత్రపడక్కర్లేదు. కడిగి శుభ్రంగా ఉంచిన బూడిదరంగు రేకుకు కూడా తన అందం తనకుంది, పొరా మిగులుతుంది.

ఇరుసు విషయంలో మాత్రం రాజీ కూడదు. 1961 నుంచి ఎయిర్‌స్ట్రీమ్‌లో స్ప్రింగు పట్టీల స్థానంలో, గొట్టంలో రబ్బరు కడ్డీలు బిగించిన ఇరుసులు వచ్చాయి. చక్రం కుదిపితే రబ్బరు మెలితిరిగి ఆ దెబ్బను మింగుతుంది. దశాబ్దాలు గడిస్తే రబ్బరు గట్టిపడుతుంది. అప్పుడు రోడ్డు మీది ప్రతి గుంత నేరుగా ఒంటికి తగిలి రివెట్లు లూజవుతాయి. కింది భాగం ఎంత బాగుచేసినా పాత ఇరుసు మీద నడిపితే చేసిందంతా వృథా.

లోపలి సామాను విషయంలో నాకు గట్టి పట్టింపు ఉంది. కొందరు బీరువాలూ బల్లలూ కిటికీ కొక్కేలూ అన్నీ చెత్తబండిలో పడేసి, గుల్లలో కాఫీ దుకాణం పెడతారు. వ్యాపారం వాళ్లిష్టం. కానీ ఒకప్పుడు ఒక కుటుంబం అంత చిన్నచోట వండుకుని, పడుకుని, బట్టలు ఎక్కడ మడతపెట్టుకుందో చెప్పే ఆధారాలు ఆ సామానులోనే ఉన్నాయి. చెడినది తీసేముందు కొలతలు రాసి, ఫొటోలు తీసి, పాత రేకును నమూనాగా పెట్టుకుని కొత్తది కోయడం పెద్ద కష్టమేమీ కాదు.

కొత్తగా వేసే సామానులో చాలామంది మరిచేది బరువు. రాతి గట్టు, టైల్స్ నేల, బరువైన బ్యాటరీలు పెట్టేసరికి, సైకిల్‌తో లాగించిన బండి కాస్తా లారీకి కూడా భారమవుతుంది. పని పూర్తయ్యాక మొదటి ప్రయాణం వేబ్రిడ్జికే చేయాలి. కాటాలో మొత్తం బరువు, కారు కొక్కెం మీద పడే బరువు విడివిడిగా తీయాలి. కొక్కెం మీద మొత్తంలో 10 నుంచి 15 శాతం దాకా పడాలి. అంతకన్నా తగ్గితే వేగంలో ట్రైలర్ తోక ఊపుతుంది, అప్పుడు ట్యాంకునో బ్యాటరీలనో ముందుకు జరిపి మళ్లీ తూయాలి.