స్టాండెడ్జ్ సొరంగం - కాళ్లతో నడిచిన పడవలు

మాంచెస్టరు నుండి హడ్డర్స్‌ఫీల్డుకు రైలులో వెళ్లిన మనవారందరికీ డిగ్గిల్ దాటగానే వచ్చే చీకటి తెలుసు. మూడు నాలుగు నిమిషాలలో అది అయిపోయి మార్స్‌డెన్ వెలుగు కనబడుతుంది. ఆ కొద్ది నిమిషాలలో మన పక్కనే, రాతిగోడకు ఆవల, ఒక కాలువ కూడా కొండలో దూరి వస్తూ ఉంటుందని చాలామందికి తెలియదు. అదే స్టాండెడ్జ్ కాలువ సొరంగం. మూడు మైళ్ల పైచిలుకు పొడవు గల ఈ సొరంగం బ్రిటనులోని కాలువ సొరంగాలన్నిటిలోకీ పొడవైనది, లోతైనది, ఎత్తులో ఉన్నదీ కూడా.

యార్క్‌షైరు ఉన్నికీ, లాంకషైరు నూలుకూ మధ్య పెన్నైన్ కొండలు అడ్డుగోడ. ఆ గోడను దాటించడానికి 1794లో పార్లమెంటు చట్టంతో హడ్డర్స్‌ఫీల్డ్ నారో కాలువ పని మొదలైంది. ధవళేశ్వరం కాలువల మీది లాకులు చూసినవారికి పద్ధతి వేరే చెప్పనక్కరలేదు. ఇక్కడ తూర్పున 42, పడమర 32, మొత్తం 74 లాకులతో పడవను మెట్టుమెట్టుగా కొండ ఎక్కించి దింపాలి. అయితే శిఖరం దాకా ఎక్కించడం అసాధ్యం. పడవ ఎటు దిగినా ప్రతి లాకూ పైనున్న నీటిని కొంత తాగేస్తుంది. కొండ నెత్తిన అన్ని నీళ్లు ఎక్కడివి? అందుచేత సముద్రమట్టానికి సుమారు 645 అడుగుల ఎత్తున ఆగి, అక్కడి నుండి కొండను తొలచాలని నిశ్చయించారు.

ఇంజనీరు బెంజమిన్ ఔట్రం ఐదేళ్లలో అయిపోతుందనుకున్నాడు. పదిహేడేళ్లు పట్టింది. రెండు చివరలనుండి తవ్వడమే కాక, కొండపై నుండి నిలువు బావులు దింపి, వాటి అడుగున రెండు వైపులకూ తవ్వుకుంటూ పోయారు. తుపాకిమందు, సమ్మెట, ఉలి, కొవ్వొత్తి వెలుగు - ఇవే సాధనాలు. అనుకున్నదానికంటె ఎక్కువగా నీరు ఊరింది. ఆవిరియంత్రాలతో తోడవలసి వచ్చింది. డబ్బు చాలలేదు. 1799 వరదలు కాలువను దెబ్బతీశాయి. 1801లో ఔట్రం తప్పుకున్నాడు. ఆ తరువాత థామస్ టెల్ఫర్డ్ సలహాతో పని మళ్లీ గాడిలో పడింది. ఇంతలో కాలువ రెండు ముక్కలూ సిద్ధమై ఉన్నందున, మధ్యలోని కొండ మీదుగా సరుకును నేలదారిన మోయించారు. 1809లో రెండు వైపుల తవ్వకాలూ కలిశాయి. 1811 ఏప్రిల్ 4న సొరంగం తెరిచారు. అప్పటి పొడవు 5,456 గజాలు. ఖర్చు 1,23,000 పౌన్లకు పైమాట. చనిపోయిన కూలీలు యాభై మంది దాకా.

ఔట్రం, టెల్ఫర్డ్ పేర్లు ప్రతి పుస్తకంలోనూ ఉంటాయి. ఆ యాభై మంది సంగతి ఒక్క అంకెతో సరి. ఓడ రిజిస్టరులో నెంబరుగా మారి మారిషస్‌కో నేటాలుకో చేరిన తాతముత్తాతలు గల మన కుటుంబాలకు ఇది కొత్తగా తోచదు.

కాని నాకు మనసును పట్టిన విషయం వేరొకటి. ఖర్చు తగ్గించడానికని సొరంగాన్ని ఒక్క పడవ పట్టేంత వెడల్పుతోనే తవ్వి, గుర్రం నడిచే గట్టుబాటను వదిలేశారు. కంపెనీ లెక్కల్లో అది ఆదా. ఆ ఆదాను ఒక శతాబ్దం పాటు మనుషులు తమ కాళ్లతో చెల్లించారు. సొరంగం దగ్గర గుర్రాన్ని విప్పి కొండమీది దారిన అవతలికి నడిపించేవారు. లోపల మనుషులు పడవపై వెల్లకిలా పడుకొని, పాదాలు గోడలకు తన్నిపెట్టి, పక్కవాటుగా అడుగులు వేస్తూ పడవను నెట్టేవారు. ఖాళీ పడవకు గంటా ఇరవై నిమిషాలు, నిండు పడవకు మూడు గంటలు. గోదావరి కాలువల గట్ల మీద గూటి పడవలను తాడు కట్టి లాగిన మనుషులకు కనీసం ఎండా గాలీ ఉండేవి. వీరికి చీకటి, నెత్తిన కారే నీరు, ఆరు వందల అడుగుల పైచిలుకు కొండ.

ఎదురెదురు పడవలు తప్పుకొనేందుకు లోపల కొన్ని చోట్ల వెడల్పు చేశారు గాని, ఏ పడవవాడూ వెనక్కు తగ్గడే! చివరికి ఒక వేళకు ఒకే వైపు నుండి వదలడం నియమమైంది. రోడ్డు మీద మన మోటారు తగాదాలు తలచుకుంటే నవ్వు వస్తుంది.

రైలు రాక ఈ కథకు మలుపు. 1840లలో రైలు కంపెనీ కాలువనే కొనేసింది. దాని సొరంగం ఒకటి 1849లో, రెండవది 1871లో, జంట పట్టాల మూడవది 1894లో తెరుచుకున్నాయి. వాటిని తవ్విన వేళ పాత కాలువ సొరంగం నుండి అడ్డదారులు తొలిచి, రాళ్లనూ మట్టినీ పడవల మీద బయటకు తరలించారు. తన పొట్ట కొట్టబోయేవాడికి తానే బరువు మోసింది కాలువ. ఆ పనులలోనే డిగ్గిల్ వైపు మరో రెండు వందల పైచిలుకు గజాలు సొరంగాన్ని పొడిగించారు.

సరుకు పడవలు 1921తో ఆగిపోయాయి. 1944లో కాలువను చట్టప్రకారం విడిచిపెట్టారు. లాకులు పూడిపోయాయి. 1974లో హడ్డర్స్‌ఫీల్డ్ కాలువ సంఘం ఏర్పడినప్పుడు ఇది మళ్లీ పారుతుందంటే నమ్మినవారు తక్కువే. ఆ సంఘం స్వచ్ఛంద సేవకులు పట్టు విడువలేదు. 2001లో సొరంగంలోకి మళ్లీ పడవలు వచ్చాయి.

ఇప్పుడు పడవలు ఇంజనుతోనే పోతాయి. కాళ్ల పని లేదు. ఆ పాత అడ్డదారులు ఇంకా తెరిచే ఉన్నాయి. పక్క సొరంగంలో రైలు పోయినప్పుడల్లా వాటి గుండా గాలి దూసుకువచ్చి పడవలో కూర్చున్నవారి ముఖానికి తగులుతుంది.