పెదనాన్న చెవి పెట్టి విన్న మిషను

ఈ ఏడాది సంక్రాంతి అయిన వారానికి మా పెదనాన్నని జయపురం నుంచి విశాఖపట్నం తీసుకెళ్లాం. ఆయనకి ఎనభై దాటాయి. కోరాపుట్, సాలూరు ఘాట్ల మీదుగా అంత దూరం ఎందుకని ఇంట్లో అందరూ అన్నారు. కానీ మనవడు గాజువాక ఆటోనగర్‌లో ఒక వర్క్‌షాపులో సి.ఎన్.సి. మిల్లింగ్ మిషను మీద పనిచేస్తున్నాడు. "ఒక్కసారి చూసి పోతాను" అని ఈయన ఏడాదిగా అంటూనే ఉన్నారు.

మిషను ముందు నిలబెడితే, గాజు తలుపులోంచి తొంగి చూస్తారని అనుకున్నాం. ఆయన చూడలేదు. తల పక్కకి తిప్పి, కళ్లు మూసుకుని, చెవి పెట్టారు. ఒక రెండు నిమిషాలు అలాగే ఉన్నారు. తర్వాత కళ్లు తెరిచి, లోపల కట్టర్ ఎటు తిరుగుతోందో, జాబ్ ఎటు కదులుతోందో చూసి, ఒక్కసారిగా ఉలిక్కిపడ్డారు.

"ఏటిరా ఇది? ఎదురు కోత కాదు కదా! ఆపరా గుంటడా!"

ఆయన ఎందుకు భయపడ్డారో మన పిల్లలకి అర్థం కావాలంటే, ముందు మా ఇంట్లోకి ఈ పని ఎలా వచ్చిందో చెప్పాలి.

మా తాత బొబ్బిలి దగ్గర పల్లె నుంచి జయపురం వచ్చి ఒక బట్టల కొట్లో గుమాస్తాగా చేరారు. అప్పటికి జయపురం సంస్థానం మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. అంటే తాత ఏ సరిహద్దూ దాటలేదు, ఒకే జిల్లాలో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వచ్చారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డాక సరిహద్దే ఆయన్ని దాటుకుని వెళ్లింది. ఆ తర్వాతా ఊళ్లో తెలుగుకి లోటు రాలేదు. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ స్వయంగా తెలుగు, ఒడియా రెండిట్లోనూ రాసిన కవి. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి పెద్ద పోషకుడు కూడా. అక్కడి సైన్సు కాలేజీకి ఇప్పటికీ ఆయన పేరే.

మాకు అక్షరం ఉంది గానీ ఆధారం లేదు. గుమాస్తా జీతంతో నలుగురు పిల్లలు. పెద్దవాణ్ణి, అంటే మా పెదనాన్నని, విశాఖపట్నంలో ఐ.టి.ఐ.లో చేర్పించారు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఘాట్ మీద సునాబెడలో ఫ్యాక్టరీ లేస్తోంది.

1962లో భారతదేశం మిగ్-21 విమానాల కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం చేసుకుంది. కొనడమే కాదు, ఇక్కడే తయారు చేయాలని నిర్ణయించారు. పనిని మూడు చోట్లకి పంచారు: విమానం ఒళ్లు నాసిక్‌లో, ఎలక్ట్రానిక్స్ హైదరాబాద్‌లో, ఇంజను మా కోరాపుట్ జిల్లాలో. అప్పటి ముఖ్యమంత్రి బిజూ పట్నాయక్ పట్టుదల వల్లే ఇంజన్ల ఫ్యాక్టరీ ఈ కొండల్లోకి వచ్చిందని మా పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1964లో మొదలైన ఆ ఫ్యాక్టరీయే హిందుస్తాన్ ఏరోనాటిక్స్ వారి కోరాపుట్ ఇంజన్ డివిజన్. మిగ్-21కి ఆర్-11, ఆర్-25, మిగ్-27కి ఆర్-29, సుఖోయ్-30కి ఏ.ఎల్.-31 — ఈ ఇంజన్లన్నీ అక్కడివే.

పెదనాన్న అందులో మిల్లర్‌గా చేరి, మిల్లర్‌గానే రిటైర్ అయ్యారు. ఆయన ఉండగానే కంప్యూటర్ మిషన్లు దేశంలోకి వచ్చాయి గానీ, ఆయన చేతి కింద చివరిదాకా నడిచింది మామూలు మిల్లింగే.

మిల్లింగ్ అంటే ఏమిటో తెలియని పిల్లల కోసం రెండు ముక్కలు. లేత్‌లో జాబ్ తిరుగుతుంది, పనిముట్టు నిలబడి కోస్తుంది. మిల్లింగ్‌లో కట్టర్ తిరుగుతుంది, జాబ్‌ని బిగించిన బల్ల కదులుతుంది. ఆ బల్లని కదిపేది ఒక పొడవాటి స్క్రూ. దాని హ్యాండిల్ తిప్పితే బల్ల ముందుకో వెనక్కో పోతుంది. అయితే ఏ స్క్రూకైనా నట్టుకి మధ్య వెంట్రుకవాసి సందు ఉంటుంది. దాన్ని బ్యాక్‌లాష్ అంటారు. హ్యాండిల్ వెనక్కి తిప్పితే ముందు ఆ సందు నిండాలి, తర్వాతే బల్ల కదులుతుంది. అందుకే పెదనాన్నలాంటివాళ్లు కొలతకి ఎప్పుడూ ఒకే వైపు నుంచి వస్తారు. దాటిపోతే బాగా వెనక్కి వెళ్లి మళ్లీ రావాల్సిందే.

ఆ సందు వల్లే ఇంకో కట్టుబాటు. కట్టర్ పళ్లు తిరిగే దిశకి ఎదురుగా జాబ్‌ని తోయాలి. కట్టర్ తిరిగే వైపుకే జాబ్‌ని పంపితే, పళ్లు జాబ్‌ని పట్టి లాగేస్తాయి. స్క్రూలో సందు ఉంది కాబట్టి బల్ల ఆ మేరకి ఎగిరి ముందుకి దూకుతుంది. కట్టర్ విరుగుతుంది, లేదా జాబ్ వైస్‌లోంచి ఎగిరిపోతుంది. ట్రైనింగ్ రోజుల్లో ఒక వర్క్‌షాపులో పక్కవాడు దిశ తప్పుగా పెట్టాడట. కట్టర్ ముక్క పెదనాన్న చెవి పక్కనుంచి పోయి గోడకి గుచ్చుకుంది. నలభై ఏళ్ల సర్వీసులో ఆ తప్పు ఆయన చేయలేదు.

ఆటోనగర్‌లో గాజు వెనక మిషను చేస్తున్నది సరిగ్గా అదే. ఎదురు కోత కాకుండా వాలు కోత. ఆయన ఉలిక్కిపడింది అందుకే.

మనవడు నవ్వలేదు. అందుకు వాణ్ణి మెచ్చుకోవాలి. "తాతయ్యా, దీంట్లో మామూలు స్క్రూ కాదు, బాల్ స్క్రూ. స్క్రూ గాడిలో ఉక్కు గుళ్లు దొర్లుతుంటాయి. ముందే బిగించి ఉంచుతారు, సందే ఉండదు. అందుకే వాలు కోత పెట్టొచ్చు. చిప్పు లావుగా మొదలై సన్నగా తెగుతుంది, ఫినిషింగ్ బాగుంటుంది, కట్టర్ ఎక్కువ కాలం వస్తుంది" అన్నాడు. పెదనాన్న ఇంకో జాబ్ అయ్యేదాకా చూసి, "సందు లేకపోతే భయమెందుకు" అన్నారు. అన్నారు గానీ తలుపుకి ఒకడుగు దూరంలోనే నిలబడ్డారు.

అసలు ఈ మిషను ఎక్కడ పుట్టిందో తర్వాత నేను చదివి ఆయనకి చెప్పాను. ఇదీ విమానాల పనిలోనే పుట్టింది. హ్యాండిల్ మిల్లింగ్‌లో సూటి కోత తేలిక, వంపు కష్టం. వంపు రావాలంటే రెండు హ్యాండిళ్లు ఒకేసారి, ఒకే లెక్కన తిరగాలి. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో జాన్ పార్సన్స్ అనే ఆయన హెలికాప్టర్ రెక్కలకి అచ్చులు చేసేవాడు. వంపు మీద ఉన్న బిందువులన్నిటినీ పంచ్ కార్డుల మిషనుతో లెక్క కట్టించి, ఒక మనిషి ఆ అంకెలు పైకి చదువుతుంటే, ఇద్దరు మనుషులు చెరో హ్యాండిల్ తిప్పేలా పని పెట్టాడు. ముగ్గురు కలిస్తే ఒక వంపు! ఆ ముగ్గురి పనీ మోటార్లకి అప్పగించాలన్నదే ఆయన ఆలోచన. 1949లో అమెరికన్ వైమానిక దళం డబ్బు పెట్టింది. 1952లో ఎం.ఐ.టి.లో, చిల్లులు పొడిచిన కాగితం టేపుతో నడిచే మిల్లింగ్ మిషన్ని ప్రదర్శించారు. తర్వాత టేపు పోయి కంప్యూటర్ వచ్చింది. పేరు ముందు "సి" చేరింది.

అదే కాలంలో ఇంకో దారి కూడా ఉండేది. 1940ల చివర జనరల్ ఎలక్ట్రిక్ లాంటి కంపెనీలు ఒక పద్ధతి ప్రయత్నించాయి: మంచి పనివాడు మొదటి జాబ్‌ని చేత్తో చేస్తాడు. అతని కదలికలన్నీ అయస్కాంత టేపు మీద పడతాయి. తర్వాత మిషను ఆ టేపు ప్రకారం చేసుకుపోతుంది. అందులో ప్రోగ్రాం అంటే పనివాడి చెయ్యే. ఆ పద్ధతి నిలబడలేదు. డేవిడ్ నోబుల్ అనే చరిత్రకారుడు 1984లో ఒక పుస్తకమే రాశాడు. పనిమీద పట్టు షాపులోంచి ఆఫీసుకి పోవాలని యాజమాన్యాలు కోరుకోవడమే దీనికి ముఖ్య కారణమని ఆయన వాదన. ఆ వాదనలో బలముంది. కానీ హెలికాప్టర్ రెక్క వంపు ఏ చెయ్యీ తిన్నగా కోయలేదన్నదీ నిజమే. రికార్డు చేయడానికి ముందు ఆ కదలిక ఒక చేతిలో ఉండాలి కదా.

ఇదంతా విని పెదనాన్న అడిగింది ఒక్కటే: "టేపు మీద చెయ్యి ఎక్కించారు సరే. ఇన్నది ఎక్కడ ఎక్కించారు?"

ఆయనకి పని అంతా చెవిలో ఉంది. కట్టర్ మొద్దుబారితే మోత మారుతుంది, బిగింపు వదులైతే గలగలమంటుంది. ఇంకోటి చిప్పు రంగు. హైస్పీడ్ స్టీల్ కట్టర్లతో చేసిన రోజుల్లో చిప్పు నీలం తిరిగిందంటే కట్టర్ కాలుతోందని లెక్క. ఆటోనగర్‌లో ఒక స్టీలు జాబ్‌కి కార్బైడ్ కట్టర్‌తో నీలం చిప్పులు జలజలా రాలుతుంటే ఆయన ప్రాణం ఉసూరుమంది. కార్బైడ్‌కి అది మంచి గుర్తేనని, వేడి కట్టర్‌లో ఉండిపోకుండా చిప్పుతో బయటికి పోతోందని మనవడు చెప్పాడు. తర్వాత స్క్రీన్ మీద ఒక అంకె చూపించాడు. "ఇది స్పిండిల్ లోడ్ తాతయ్యా. కట్టర్ అరిగితే ఈ శాతం పెరుగుతుంది."

పెదనాన్న ముఖం అప్పుడు విప్పారింది. "అయితే దీనికీ చెవుందన్నమాట."

మధ్యాహ్నం టిఫిన్ క్యారేజీ విప్పుకున్నప్పుడు మనవడు మెల్లగా అన్నాడు: "నువ్వు మిల్లర్‌వి తాతయ్యా. నేను బటన్ నొక్కేవాణ్ణి." పెదనాన్న జవాబు చెప్పలేదు. భోజనాలయ్యాక కొత్త డ్రాయింగ్ జాబ్ ఎక్కించారు. మొదటి ముక్క. మనవడు ప్రోగ్రాంని ఒక్కో లైనూ ఆగేలా పెట్టాడు. కుడి చెయ్యి ఫీడ్ తగ్గించే నాబ్ మీద, ఎడమ చెయ్యి ఎర్ర స్టాప్ బటన్ దగ్గర. కట్టర్ జాబ్‌కి దగ్గరవుతుంటే ఊపిరి బిగబట్టాడు, తల కొంచెం పక్కకి తిప్పాడు. వాడూ వింటున్నాడు. పూర్వం పెదనాన్న తడి సిగరెట్ కాగితం జాబ్‌కి అంటించి, కట్టర్ దాన్ని గీకి లాగేసే క్షణం కోసం ఇలాగే నిలబడేవారట. పెదనాన్న నా మోచెయ్యి పట్టుకుని అన్నారు: "సూడు. బటన్ నొక్కేవోడు అలా నిలబడతాడేటి?"

కాబట్టి ఈ మిషన్లొచ్చి పనితనం పోయిందని నేను రాయను. అది ఇంకోచోట కూర్చుంది. పోయింది ఇంకొకటి. ఆ పనితనంతో పెదనాన్నకి సునాబెడలో క్వార్టరు వచ్చింది, ప్రావిడెంట్ ఫండ్ వచ్చింది. తమ్ముళ్ల చదువులు, చెల్లెలి పెళ్లి, జయపురంలో ఈ ఇల్లు వచ్చాయి. గుమాస్తా కుటుంబం ఈ ఊళ్లో వేళ్లూనుకున్నది ఆ హ్యాండిల్ తిప్పిన చెయ్యి వల్లే. మనవడికి అంతకంటే ఎక్కువే తెలుసు: జామెట్రీ, ప్రోగ్రాం, కార్బైడ్ గ్రేడ్లు. కానీ వాడి చేతిలో ఉన్నది పదకొండు నెలల కాగితం. పోయిన మూడేళ్లలో మూడు షాపులు మారాడు. అద్దె గది. తిరుగు ప్రయాణంలో పెదనాన్న మిషను గురించి కాదు, దాని గురించే మాట్లాడారు.

2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21కి వీడ్కోలు చెప్పారు. టీవీలో చూస్తూ పెదనాన్న ఏమీ అనలేదు. సునాబెడకి మాత్రం పని ఆగలేదు. 2024 సెప్టెంబర్‌లో రక్షణ శాఖ 240 సుఖోయ్ ఇంజన్లకి 26,000 కోట్లు దాటిన ఒప్పందం చేసుకుంది. ఏడాదికి 30 చొప్పున ఎనిమిదేళ్లు అవి మా కొండ మీదే తయారు కావాలి. ఆ పని పట్టే చేతులు ఎవరివో, వాళ్లకి ఏ కాగితం దొరుకుతుందో, మన పిల్లల్ని ఇక్కడ ఉంచేదీ పంపేసేదీ అదే.

ఇంటికొచ్చాక పెదనాన్న ట్రంకు పెట్టెలోంచి ఒక నోటు పుస్తకం తీశారు. నూనె మరకలు, తెలుగులో లెక్కలు. ఒక పేజీలో: 28 పళ్ల గేరుకి ఇండెక్సింగ్ హ్యాండిల్ ఒక చుట్టు, పైన 21 చిల్లుల వరసలో 9 చిల్లులు. ఆ హ్యాండిల్ 40 చుట్లు తిరిగితే జాబ్ ఒక చుట్టు తిరుగుతుంది. 40ని 28తో భాగిస్తే వచ్చేది అదే. మనవడు ఫోనులో ఆ పేజీ చూసి, "నాకిది రాదు తాతయ్యా, నేర్పుతావా?" అని అడిగాడు. ఉగాదికి వస్తానన్నాడు.

మీ ఇళ్లలోనూ సునాబెడ, దామంజోడి, రాయగడ మిల్లుల్లో చేసిన పెద్దవాళ్ల నోటు పుస్తకాలు ఉండే ఉంటాయి. పాత పేపర్లతో అమ్మేయకండి. వాళ్లుండగానే కూర్చోబెట్టి, పేజీ పేజీ అడిగి రాసుకోండి.