పడవ మోటారు పలుకులు



వైద్యుడు నాడి పట్టి రోగమును గుర్తించుట మీరందఱు నెఱిగినదే. 1816వ సంవత్సరమున పారిసు నగరమున లెన్నెక్ అను వైద్యుడు కాగితమును గొట్టమువలె చుట్టి, రోగి ఱొమ్మున కానించి, గుండె చప్పుడు వినెను. స్టెతస్కోపు అట్లు పుట్టినది. నేటి నా ప్రసంగము మనుష్యుని గుండెను గూర్చినది కాదు. పడవ వెనుక తగిలించెడి చిన్న మోటారును గూర్చినది. శ్రీకాకుళము మొదలు నెల్లూరు వఱకు గల మన తీరమున ఎన్నో కుటుంబముల కూడు ఇప్పుడు మోటారు కట్టిన పడవపై ఆధారపడియున్నది. అట్టి మోటారు చెడుటకు ముందు తఱచుగా ఏదో యొక కొత్త ధ్వని చేయును. ఏది కొత్త ధ్వనియో తెలియవలెనన్న, ఏది దాని సహజధ్వనియో మున్ముందు తెలియవలెను. ఆ సహజధ్వని కాలము ననుసరించి మాఱుచు వచ్చినది గనుక, కొంత చరిత్ర చెప్పక తప్పదు.

ఇట్టి యంత్రములలో మొదటిది ఇంచుమించు మౌనముగా నుండెను. 1881లో గుస్తావ్ త్రూవే అను ఫ్రెంచి శిల్పి, చుక్కానికే చిన్న విద్యున్మోటారు బిగించి, సేన్ నదిపై పడవ నడిపెను. బ్యాటరీల బరువు, ఖర్చు చూచి లోకము దానిని వేడుకగా చూచినదే కాని వాడుకలోనికి తెచ్చుకొనలేదు. 1905లో అమెరికాలో కామెరన్ వాటర్‌మన్ అను యువకుడు డెట్రాయిట్ నదిపై పెట్రోలు మోటారును పడవ వెనుక తగిలించి పరీక్షించెను. మోటారు చప్పుడు పడవవాని చెవి ప్రక్కకు వచ్చినది ఇట్టి యత్నముల వలననే.

ఆ మోటారును జనులలోనికి తెచ్చినవాడు ఓలె ఎవిన్‌రూడ్. ఇతడు 1877లో నార్వేలో జన్మించి, ఐదేండ్ల ప్రాయమున తల్లిదండ్రులతో అమెరికాలోని విస్కాన్సిన్ చేరెను. బడి చదువు మూడవ తరగతితో సరి. బడిపంతులునైన నాకు ఈ మాట చెప్పుట కొంచెము సిగ్గే. కాని యంత్రములనెడి పుస్తకమును ఇతడు చేతులతో చదివెను. 1906 వేసవిలో ఒకనాడు, తాను వరించిన బెస్ అను కన్య ఐస్‌క్రీము అడుగగా, సరస్సుపై తెడ్డు వేసికొనుచు పోయి తెచ్చెననియు, ఎండకు అది దారిలోనే కరగిపోయెననియు, ఆ నాటినుండి తెడ్డు అక్కఱలేని పడవను గూర్చి ఆలోచించెననియు చెప్పుదురు. కథ ఎట్లున్నను మోటారు నిజము. 1909లో అతడు అమ్మిన యంత్రమునకు ఒకే సిలిండరు. బలము ఒకటిన్నర అశ్వశక్తి. బరువు 28 కిలోలు. చూచువారికి అది కాఫీగింజల తిరుగలివలె తోచినదట. పైనున్న బరువైన చక్రమును చేతితో త్రిప్పి దానిని నడుపవలెను. ఉత్తరప్రత్యుత్తరములు, ప్రకటనలు, లెక్కలు చూచినది బెస్ గారే. ఆమె ఆరోగ్యము చెడుటచే 1913లో వారు వ్యాపారమును విడిచిరి.

ఆ ఒంటి సిలిండరు మోటారు పడవనంతటిని వణకించెను. ప్రతి మేకును, ప్రతి బల్లయు దానితో గూడ మ్రోగుచుండెను. అంత రొదలో రోగధ్వనిని వేఱుచేసి వినుట సామాన్యము కాదు. 1921లో ఓలె దంపతులు అల్యూమినియముతో తేలికయైన రెండు సిలిండర్ల మోటారును తెచ్చిరి. అందులో సిలిండర్లు ఎదురెదురుగా నుండును. రెండు పిస్టనులు ఒకేసారి బయటికి, ఒకేసారి లోపలికి కదలును గనుక ఒకదాని కుదుపు మఱొకదానికి విఱుగుడగును. రొద తగ్గినకొలది చెవికి పని పెరిగినది. ఇక తాళము తప్పినచో చిన్నపిల్లవానికిని తెలియును. 1949లో జాన్సన్ మోటార్లకు ముందునకు, వెనుకకు, నిలుపుదలకు గేరు వచ్చినది. మోటారుతో పాటు గేరు పండ్ల ధ్వనియు అప్పుడు వినవలసినదయ్యెను.

ఇక ధ్వనులకు వత్తును. నడచుచున్న మోటారు హఠాత్తుగా కీచుమని పెద్ద వేగముతో అరచి, పడవ మాత్రము కదలకున్నచో, రెండు కారణములుండవచ్చును. అలమీద పడవ వెనుకభాగము లేచి పంకా గాలిని పట్టినయెడల, ఆ అరుపు అలతో వచ్చి అలతో పోవును. పోక నిలిచియున్నచో పంకాను పట్టియుంచు చిన్న పిన్ను తెగినదని యెంచవచ్చును. ఆ పిన్ను తెగుట దాని దోషము కాదు. పంకా రాతికి తగిలినపుడు లోపలి గేర్లను కాపాడుటకై తాను తెగుటయే దాని ధర్మము. కావున తెలిసినవాడు ఒకటి రెండు పిన్నులు దగ్గఱ ఉంచుకొనును. దానికి బదులు ఇనుప మేకు కొట్టుట కూడదు. మేకు తెగదు, గేరే విఱుగును.

బరువు లాగునపుడు సిలిండరులో సన్నగా ‘టింగు టింగు’మని ఇనుము కొట్టినట్లు వినబడినచో, ఇంధనము కల్తీదైనను, మంట వేళకు ముందే అంటుకొనుచున్నను, యంత్రము మితిమీఱి కాగినను కావచ్చును. లోతుగా, మొద్దుగా ‘ధుక్ ధుక్’మని కొట్టిన బేరింగు అరిగినదేమో, పైచక్రపు నట్టు వదులైనదేమో చూడవలెను. మోటారు ఆపి, చక్రమును చేతితో అటునిటు ఊపిన వదులు తెలిసిపోవును. రెండు సిలిండర్లలో ఒకటి తాళము తప్పినచో ప్లగ్గును అనుమానింపవచ్చును. పాతకాలపు మేస్త్రీలు నడచుచున్న మోటారులో ఒక్కొక్క ప్లగ్గు తీగను తప్పించి దోషిని పట్టెడివారు. నేటి ఎలక్ట్రానిక్ మోటార్లలో అట్లు చేయరాదు. యంత్రమునకును చేటు, చేతికిని చేటు.

మోటారు నడచునపుడు ప్రక్కనుండి సన్నని నీటిధార పడుచుండుట మీరు చూచియుందురు. అది పంపు పనిచేయుచున్నదనుటకు గుర్తు. ధార నిలిచి, పొగగొట్టపు ధ్వని ఎండి బొంగురుపోయిన, వెంటనే ఆపవలెను. లోపలి రబ్బరు చక్రము పాడైయుండవచ్చును, లేదా దారిలో చెత్త చిక్కియుండవచ్చును. పెట్రోలులో నూనె కలుపుట మఱచినచో వచ్చు ధ్వని వేఱు: కీచుమని ఒక అరుపు, పిదప నిశ్శబ్దము. ఆ నిశ్శబ్దముతో ఆ సిలిండరు పని తఱచుగా ముగియును.

అన్ని ధ్వనులును రోగములు కావు. గడగడయని పెద్దగా మ్రోగునది ఒక్కొక్కప్పుడు పైమూత మాత్రమే. దానిపై చేయి వేసి నొక్కిన అణగిపోవును. ధ్వని ఎక్కడిదో తెలియనపుడు మేస్త్రీలు పొడవైన స్క్రూడ్రైవరు మొనను, తిరుగు భాగములకు దూరముగా, యంత్రముపై ఆనించి పిడిని చెవికి చేర్చుకొందురు. లెన్నెక్ కాగితపు గొట్టమునకు అది చుట్టమే.

నేను గోదావరి లంకలలోని ఒక బడిలో పనిచేయుచున్న రోజులలో, వర్షాకాలపు సాయంకాలము ఒకనాడు మోటారు పడవలో నది దాటుచుంటిని. పడవలో బాలెంత యొకతె, ఆమె తల్లి, బడిపిల్లలు నలుగురు ఉండిరి. నీరు ఎఱ్ఱగా సముద్రము వైపు లాగుచుండెను. మోటారు ధ్వని కొంచెము బరువెక్కినది. నాకు తెలియనే లేదు. పడవ నడుపు ముసలివాడు తల ప్రక్కకు వంచి విని, వెంటనే మోటారు ఆపెను. ప్రవాహమున కొట్టుకొనిపోవుచుండగా ఆపుట యేమని నేను గద్దించితిని. “ఇది ఇంజను గోల కాదండి మాస్టారూ, కిందేదో చుట్టుకుందండి” అని, తెడ్డు మనుమని చేతికిచ్చి, మోటారును పైకి వంచి, పంకాకు చుట్టుకొన్న నైలాను వలత్రాటిని కత్తితో కోసి తీసెను. మరల నడపినపుడు ధ్వని తేలికయైనది. మేము చీకటి పడకముందే ఒడ్డు చేరితిమి.

మఱునాడు అతడు రేవున కూర్చుండి గేరుపెట్టె అడుగు మర విప్పుచుండెను. పని అయిపోయినది గదా యని నేనడిగితిని. వలత్రాడు పంకా వెనుకకు దూరి సీలును కోయుననియు, ఆ సందున నీరు లోపలికి పోవుననియు, అప్పుడేమియు వినబడదనియు, కొన్నాళ్లకు గేర్లు గుఱ్ఱుమని మూలుగుననియు అతడు తన మాటలలో చెప్పెను. విడిచిన నూనె పాలవలె తెల్లగా దిగినది.

1964లో హోండా వారు నాలుగు ఘాతముల పడవ మోటారును తెచ్చిరి. 1996లో అమెరికా ప్రభుత్వము పొగపై కట్టుదిట్టమైన నియమములు చేసిన పిమ్మట అట్టివి విరివిగా వ్యాపించినవి. 2020లో ఎవిన్‌రూడ్ పేరిట మోటార్ల తయారీ నిలిచిపోయినది. కొత్తవి పాతవానికంటె మెల్లగా పలుకును. పలు దోషములను దీపము వెలిగించియో, కూత కూసియో తామే తెలుపును. అయినను ఆ దీపము వేడిని, నూనెను చూచును గాని, పంకాకు చుట్టుకొన్న త్రాటిని చూడదు. ఆ ముసలివాని మనుమడు ఇప్పుడట్టి కొత్త మోటారునే నడుపుచున్నాడు. నిరుడు నేనతని పడవ ఎక్కినపుడు, నది నడుమ ఒకచోట అతడును తల ప్రక్కకు వంచి వినుచుండెను.