మీడియా లైబ్రరీ ప్రోగ్రాముల్లో ఈ-పుస్తకాల మెటాడేటా నిర్వహణ

ఈ-పుస్తకం పేరు, రచయిత, భాష, ప్రచురణకర్త, తేదీ, ఐఎస్‌బీఎన్, విషయం, ముఖచిత్రం వంటి వివరాలన్నిటినీ కలిపి మెటాడేటా అంటారు. పాటలు, సినిమాలు, ఫొటోలు, పుస్తకాలు ఒకేచోట చూపించే ప్రోగ్రాములు పుస్తకాలను వరుస పెట్టేదీ, వెతికి ఇచ్చేదీ ఈ వివరాలను బట్టే. 2018 డిసెంబరులో ఎంబీ అనే ప్రోగ్రాము నుంచి విడివడిన జెల్లీఫిన్ ఇలాంటి ప్రోగ్రాము. యాపిల్ కంపెనీ 2010లో ఐప్యాడ్‌తో పాటు ఐట్యూన్స్‌లో పుస్తకాలకు చోటిచ్చింది. 2013లో మాక్ కంప్యూటర్లలో వాటిని ఐబుక్స్ అనే వేరే యాప్‌లోకి మార్చింది.

ఇలాంటి ప్రోగ్రాములు మొదట పాటల కోసమో సినిమాల కోసమో తయారైనవి. వాటిలో పుస్తకం తర్వాత వచ్చి చేరిన చుట్టం. ఎంపీ3 ఫైలులోని ఐడీ3 ట్యాగుల్లో గాయకుడు, ఆల్బమ్, ట్రాక్ సంఖ్య, సంగీత రకం వంటి గడులు ఉంటాయి. పుస్తకాన్ని ఈ చట్రంలో పెట్టాలంటే గాయకుడి గడిలో రచయితను, ఆల్బమ్ గడిలో నవలామాలను, ట్రాక్ గడిలో సంపుటి సంఖ్యను సర్దాలి. ఒక రచయిత రాసిన ఒక నవల విషయంలో ఈ సర్దుబాటు సరిపోతుంది. అలెక్స్ హేలీ ‘రూట్స్’కు సహవాసి తెలుగు చేసిన ‘ఏడు తరాలు’ దగ్గరికి వచ్చేసరికి అనువాదకుడికి గడి దొరకదు. ఇద్దరినీ రచయితలుగా చూపిస్తే తప్పు. సహవాసిని వదిలేస్తే ఆయన అనువాదాలన్నీ ఒకచోట చూసే వీలు పోతుంది.

పుస్తకాల కోసం రూపొందిన ప్రమాణాల్లో ఈ ఇరుకు లేదు. ఈపబ్ ఫైలు నిజానికి ఒక జిప్ మూట. దాన్ని విప్పితే ఓపీఎఫ్ అనే ఎక్స్‌ఎంఎల్ పత్రం కనిపిస్తుంది. పుస్తకం వివరాలు అందులోనే ఉంటాయి. వాటి పేర్లు డబ్లిన్ కోర్ నుంచి తీసుకున్నవి. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని డబ్లిన్‌లో 1995లో జరిగిన సమావేశం నుంచి పుట్టిన 15 అంశాల పద్ధతి అది. ఈపబ్ 3 ప్రకారం పుస్తకం పేరు, గుర్తింపు సంఖ్య, భాష, చివరిసారి మార్చిన తేదీ తప్పనిసరి. రచయిత పేరు తప్పనిసరి కాదు. రచయిత, సంపాదకుడు, అనువాదకుడు, చిత్రకారుడు ఎవరెవరో విడివిడిగా చెప్పడానికి గ్రంథాలయాలు వాడే మార్క్ పద్ధతిలోని మూడక్షరాల సంకేతాలు ఉన్నాయి. సహవాసికి చోటు అక్కడ ఉంది. అయితే మీడియా ప్రోగ్రాము ఆ సంకేతాన్ని చదివి చూపిస్తుందా లేదా అన్నది దాని ఇష్టం.

పీడీఎఫ్ సంగతి మరీ అధ్వానం. అందులో మెటాడేటాకు చోటు ఉన్నా, తయారుచేసేవాళ్లు దాన్ని పట్టించుకోవడం తక్కువ. పుస్తకం పేరు ఉండాల్సిన చోట ‘మైక్రోసాఫ్ట్ వర్డ్’ అన్న మాటా, దాని పక్కన పాత ఫైలు పేరూ కనిపించడం మామూలే. యూనికోడ్ రాకముందు నాటి డీటీపీ ఫాంట్లతో కూర్చిన తెలుగు పీడీఎఫ్‌లలో కంటికి తెలుగు కనిపించినా, లోపలి అక్షరాలు వేరే. వాటి నుంచి పేరును కాపీ చేసి మెటాడేటాలో అతికిస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి. అక్కడ చేత్తో టైపు చేయడం తప్ప మార్గం లేదు.

నిర్వహణలో ముందుగా తేల్చుకోవాల్సింది, వివరాలు ఎక్కడ నిలవ ఉంటున్నాయన్నది. అవి పుస్తకం ఫైలు లోపల ఉండవచ్చు, పక్కన విడి ఓపీఎఫ్ పత్రంగా ఉండవచ్చు, ప్రోగ్రాము సొంత డేటాబేసులోనూ ఉండవచ్చు. జెల్లీఫిన్ తెరమీద పుస్తకం పేరు దిద్దితే ఆ మార్పు దాని డేటాబేసులోనే ఉండిపోతుంది, ఈపబ్ ఫైలుకు చేరదు. ప్రోగ్రాము మార్చినా, డేటాబేసు పాడైనా ఆ శ్రమంతా పోయినట్టే. కోవిద్ గోయల్ 2006లో మొదలుపెట్టిన కాలిబర్ ప్రోగ్రాము పుస్తకాల కోసమే పుట్టినా, సవరణను వెంటనే ఫైలు లోపల రాయదు. ముందు తన డేటాబేసులో రాసుకుని, పుస్తకం ఉన్న ఫోల్డరులో ఓపీఎఫ్ నకలు ఒకటి పెడుతుంది. పుస్తకాన్ని ఎగుమతి చేసినప్పుడో, ఫైలులో పొదగమని ప్రత్యేకంగా ఆదేశించినప్పుడో వివరాలు లోపలికి వెళతాయి. పుస్తకం పక్కనున్న ఓపీఎఫ్‌ను జెల్లీఫిన్ చదవగలదు. అందువల్ల సవరణలన్నీ కాలిబర్‌లో చేసి, మీడియా ప్రోగ్రామును చదవడానికీ చూపించడానికీ పరిమితం చేయడమే నమ్మదగిన పద్ధతి. రెండుచోట్లా దిద్దుకుంటూ పోతే కొన్నాళ్లకు ఏది సరైనదో తేల్చడం కష్టం.

తెలుగు పుస్తకాల విషయంలో పేర్ల దగ్గరే ఎక్కువ పని పడుతుంది. పాశ్చాత్యుల పేర్లలో ఇంటిపేరు చివర వస్తుంది కాబట్టి కాలిబర్ పేరులోని ఆఖరి మాటను ముందుకు తెచ్చి అక్షరక్రమం కడుతుంది. ఆ లెక్కన విశ్వనాథ సత్యనారాయణ ‘సత్యనారాయణ, విశ్వనాథ’గా మారి ‘స’ దగ్గరికి వెళ్లిపోతాడు. ఇంటిపేరు ముందే ఉన్న తెలుగు పేరుకు ఈ తిరగేత అక్కర్లేదు. పేరును ఉన్నదున్నట్టు ఉంచమని కాలిబర్ అమరికల్లో చెప్పవచ్చు. ఒకే మనిషికి రెండు పేర్లుండటం మరో చిక్కు. రావిశాస్త్రి, రాచకొండ విశ్వనాథశాస్త్రి ఒకరేనని ప్రోగ్రాముకు తెలియదు, ఇద్దరు రచయితలుగా చూపిస్తుంది. ఏదో ఒక రూపాన్ని ఎంచుకుని అన్ని పుస్తకాలకూ అదే వాడాలి. కంటికి అందని తేడాలు కూడా ఉంటాయి. ‘కె.ఎన్.వై. పతంజలి’ అన్నప్పుడు ‘న్’ తర్వాత కనిపించని జోడింపు నిరోధక అక్షరం ఒకచోట ఉండి మరోచోట లేకపోతే, తెరమీద రెండూ ఒకేలా కనిపిస్తూనే వేర్వేరు రచయితలుగా నమోదవుతాయి. ఇలాంటి జంట పేర్లు కనిపిస్తే ఒకదాన్ని చెరిపి, రెండోదాన్ని కాపీ చేసి అతికించడమే తేలిక.

నవలామాలల సంఖ్యను పేరులో కలపకుండా ప్రత్యేక గడిలోనే రాయాలి. విశ్వనాథ ‘పురాణవైర గ్రంథమాల’లో 12 నవలలున్నాయి. సంఖ్యను పేరు ముందు తగిలిస్తే అక్షరాల లెక్కన వరుస కట్టే ప్రోగ్రాములో 1 తర్వాత 10, 11, 12 వచ్చి, ఆ తర్వాతే 2 వస్తుంది. భాష గడిలో తెలుగుకు రెండక్షరాల సంకేతం ‘టీఈ’. తయారీలో ఇంగ్లీషు సంకేతమే మిగిలిపోయిన తెలుగు ఈపబ్‌ను పైకి చదివించబోతే చదివే గొంతు తడబడుతుంది.

గూగుల్ బుక్స్, ఓపెన్ లైబ్రరీ వంటి చోట్ల నుంచి వివరాలు తెచ్చే సదుపాయం ఇంగ్లీషు పుస్తకాలకు అక్కరకొస్తుంది. పాత తెలుగు పుస్తకాలకు ఐఎస్‌బీఎన్ ఉండదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్లకేమో ఎవరికి తోచిన రోమన్ స్పెల్లింగులో వాళ్లు పేర్లు పెట్టారు. అందువల్ల వెతుకులాట తరచు ఖాళీగా తిరిగొస్తుంది, లేదా పోలికలున్న వేరే పుస్తకాన్ని తెచ్చి అంటగడుతుంది. అందుకే తెలుగు పుస్తకాలున్న లైబ్రరీకి ఆన్‌లైన్ వెతుకులాటను ఆపి ఉంచడం మంచిది. అది నడుస్తుండగా పాత వివరాలన్నీ తీసేసి కొత్తవి తెమ్మని మళ్లీ స్కాన్ చేయిస్తే, మారకుండా తాళం వేయని గడుల్లో చేత్తో దిద్దినవన్నీ చెరిగిపోతాయి.